పదిహేడో మొలక

రుషికొండ రావడానికి ఇంకా నాలుగు స్టేషన్లుండగానే ఆ పెద్దాయన "రుషికొండ వచ్చిందా అమ్మా?" అని ఏడోసారి అడిగాడు. ట్రామ్ ఏడోసారి కూడా మొదటిసారి చెప్పినంత ఓపిగ్గానే, "ఇంకా లేదు తాతగారూ, రాగానే నేనే పిలుస్తాను" అంది. ఎవరూ నవ్వలేదు. ఆయన మణికట్టుకు నీలం పట్టీ ఉంది. పక్క సీట్లో కూర్చున్న డాక్టర్ మందరపు వకుళ తన ఖాళీ మణికట్టును చీరకొంగు కిందికి లాక్కుంది. ఎందుకు లాక్కుందో ఆమెకే తెలియదు.

2074లో విశాఖపట్నంలో ఇంచుమించు ప్రతి మూడో ఇంట్లో ఒక నీలం పట్టీ ఉంది. గుండె పాడైతే కొత్తది మొలిపించి పెడుతున్న కాలం అది. క్యాన్సర్ వచ్చిందంటే ఆఫీసులో మూడు వారాలు సెలవిస్తారు, తిరిగొచ్చాక స్వీట్లు అడుగుతారు. మనుషులు నూట పదేళ్లు హాయిగా బతుకుతున్నారు. ఒక్క అల్జీమర్స్ మాత్రం ఎవరికీ లొంగలేదు. బతుకు పొడుగైనకొద్దీ దానికి మేత పెరిగింది, అంతే. అందుకని యాభై దాటిన ప్రతివారూ ఏటా జ్ఞాపక పరీక్ష రాయాలి. తప్పితే నీలం పట్టీ వేస్తారు. ఆ పట్టీ ఉన్న చేతి సంతకం చెల్లదు, ఓటు పడదు, చివరికి వంటింట్లో పొయ్యి కూడా వెలగదు. తనకు పట్టీ పడిన రోజున వకుళ అక్క మాలిని వెలగని పొయ్యి ముందు నిలబడి, "నేనేం తప్పు చేశానే?" అని అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూనే వకుళకు అరవై ఒకటి నిండాయి.

ఇలాంటి లోకంలో జనం తలనొప్పి వస్తే చెప్పుకుంటారు, కాలు బెణికితే చెప్పుకుంటారు. తాళంచెవి ఎక్కడ పెట్టారో మరిచిపోతే మాత్రం చచ్చినా చెప్పుకోరు.

ఆ రోజు సెప్టెంబరు ముప్ఫై. వకుళ రాత్రంతా సరిగా నిద్రపోలేదు. ఆమె పెట్టుకున్న గడువుకు అదే ఆఖరి రోజు.

కొండమీది స్మృతికణ పరిశోధనాలయంలో మొలకల గది తలుపు తీసేసరికి పైడితల్లి అప్పటికే పనిలో ఉంది. పైడితల్లి ఆ ల్యాబులో ఇరవై రెండేళ్లుగా అటెండరు. సీసాలు కడగడం, గదులు తుడవడం, మొలకలకు వేళకి మేత పెట్టడం ఆమె పని. ఏ రసాయనం ఏ అరలో ఉందో, ఎవరి కళ్లజోడు ఏ టేబుల్ మీద ఉందో తెలియాలంటే శాస్త్రవేత్తలంతా ఆమెనే కేకేస్తారు. అలమరల తలుపుల మీద సుద్దముక్కతో గీసిన బొమ్మలు ఆ పూటే వకుళ కంట పడ్డాయి. ఒకదాని మీద సీసా, ఒకదాని మీద చేప, ఒకదాని మీద దువ్వెన.

"ఇదేమిటి పైడితల్లీ, ముగ్గులేస్తున్నావా?" అంది వకుళ.

"ఊరికేనమ్మా. ఎవులికైనా పనికొత్తాదని."

"బాగుంది. ఇన్నాళ్లకు మన ల్యాబుకో పద్ధతి వచ్చింది" అని మెచ్చుకుని, వకుళ ముందుకి నడిచింది. ఆమె ధ్యాసంతా పదిహేడు మీదే ఉంది.

మెదడు మొలక అంటే మెదడు కాదు. మనిషి చర్మం నుంచి చిటికెడు ముక్క తీసి, ఆ కణాలను బుజ్జగించి మెదడు కణాలుగా మార్చి, కందిగింజంత ముద్దగా పెంచుతారు. ఇంగ్లీషులో ఆర్గనాయిడ్ అంటారు. దానికి ఆలోచన ఉండదు, నొప్పి ఉండదు. కానీ ఆ మనిషి మెదడులో కణాలకు ఏ జబ్బు రాసిపెట్టి ఉందో దానికీ అదే రాసిపెట్టి ఉంటుంది. వచ్చేదాకా ఏళ్లూ పూళ్లూ ఆగాలి, అదీ చిక్కు. ఆ చిక్కు విప్పిందే వకుళ కనిపెట్టిన మాగుపెట్టె. మామిడికాయల్ని గడ్డిలో పెట్టి మాగబెట్టినట్టు అది మొలకల్ని మాగబెడుతుంది. పెట్టెలో ఒక రోజు గడిస్తే మొలకకు ఒక నెల వయసు పెరుగుతుంది. ఆర్నెల్ల తర్వాత ఏం కానుందో ఆరు రోజుల్లో కళ్లముందు కనిపిస్తుంది, ఓ నెల అటూ ఇటూగా.

జులైలో ముప్ఫై మొలకల్ని పెట్టెలో పెట్టారు. వాటిలో పద్ధెనిమిది జబ్బు ఉన్నవారివి, పన్నెండు ఆరోగ్యవంతులవి. పోల్చి చూడటానికి ఆ పన్నెండూ కావాలి. అయితే చర్మం ఇస్తే తమ గుట్టు బయటపడుతుందని బయటివాళ్లెవరూ ముందుకు రాలేదు. చివరికి పన్నెండూ కొండమీదివాళ్లవే సేకరించాల్సి వచ్చింది. జనవరి ఒకటో తేదీన అందరికంటే ముందు చెయ్యి చాపింది వకుళే.

ఏ మొలక ఎవరిదో శాస్త్రవేత్తలకు తెలియకూడదు. తెలిస్తే చూపు వంకర పోతుంది. అందుకని పేర్లు తీసేసి నంబర్లు వేశారు. ఏ నంబరు ఎవరిదో తెలిసింది ల్యాబు నడిపే యంత్రానికి ఒక్కదానికే. దాని అసలు పేరు బారెడు పొడుగుంటుంది. రికార్డులన్నీ గుప్పిట్లో పెట్టుకుని ఎవరికీ చూపించదని అందరూ దాన్ని కరణం అంటారు. దాతల కోసం నిబంధన రాసింది వకుళే: తన మొలక గురించి దాత స్వయంగా వచ్చి అడిగితే కరణం నిజం చెప్పాలి. అడగకపోతే చెప్పకూడదు. ఇంకొకరి గురించి ఎవరడిగినా చెప్పకూడదు. అక్కను చూసిన మనిషి గనక, తెలుసుకోకుండా ఉండే హక్కు కూడా మనిషికి ఉండాలని పట్టుబట్టి మరీ ఆ మాటలు చేర్చింది.

ఆరో రోజున పదిహేడో నంబరు మొలక వాళ్లకు ఒక అద్భుతం చూపించింది. ప్రతి మెదడు కణంలోనూ వేలకొద్దీ జీర్ణసంచులుంటాయి. లైసోజోములంటే అవే. వాటి లోపల చింతపండులాంటి పులుపు. ఆ పులుపులో కణం తన చెత్తను కరిగించుకుంటుంది. పదిహేడులో ఆ పులుపు తగ్గిపోయింది. చెత్త కరగక సంచులు ఉబ్బాయి. తొమ్మిదో రోజుకి పగిలాయి. ఆ చెత్త శుభ్రం చెయ్యడానికి మైక్రోగ్లియా అనే ఊడ్పు కణాలు లేచాయి. లేచినవి చెత్తతో ఆగక కణాల్ని కలిపే సజీవ సంధుల్ని కూడా ఊడ్చిపారేశాయి. వందేళ్లకు పైగా శాస్త్రవేత్తలు బయట పడ్డ చెత్తకుప్పను చూసి అదే జబ్బనుకున్నారు. జబ్బు మొదలయ్యేది ఇంటి లోపల అని మొదట చూసింది ఈ ల్యాబే.

అంతకన్నా పెద్ద సంగతి, పులుపు తిరిగి పుట్టించే మందు వాళ్లదగ్గర ఉంది. పదిహేడులోంచి ఒక తునక తీసి ఆ మందు వేస్తే తునక కోలుకుంది. ఆ రోజు ల్యాబంతా ఎగిరి గంతేసింది. మరునాడు సంతోషం చల్లారింది. ఊడ్పు కణాలు లేచాక వేస్తే మందు నీళ్లతో సమానం. బాగున్న మొలకకు వేస్తే పులుపు ఎక్కువై నాలుగు రోజుల్లో మొలకే కరిగిపోయింది. అంటే అందరికీ వేసి చేతులు దులుపుకోవడం కుదరదు. ఎవరికి కావాలో వాళ్లకే వెయ్యాలి. ఏ స్కానుకీ ఇంత ముందుగా జబ్బు అందదు.

పైగా పదిహేడు జబ్బున్నవారిలో ఒకరిది కాదు. ఆరోగ్యవంతుల గుంపులోది. అంతవరకే కరణం చెప్పింది.

వకుళ లెక్క కట్టింది. చర్మం ఇచ్చింది జనవరిలో. ఆరో నెల దాటింది. తొమ్మిదో నెల నిండేలోపు, అంటే సెప్టెంబరు ఆఖరులోపు, ఆ మనిషికి మందు పడాలి. పడకపోతే ఈ కొండమీదివాళ్లలో ఒకరి పొయ్యి ఆరిపోతుంది. వెంటనే నోటీసు రాసి కరణం చేత అందరికీ పంపించింది: 'దాతలు తమ నమూనా గురించి తెలుసుకోదలిస్తే గడువులోగా కరణాన్ని స్వయంగా అడగవలెను.'

అది ఆగస్టు పన్నెండున. యాభై రోజులు కావస్తోంది. మందు కోసం ఒక్కరూ రాలేదు.

వకుళ మాత్రం ఊరికే కూర్చోలేదు. ఆమె అనుమానం డాక్టర్ కొల్లి జోసెఫ్ మీద పడింది. ఇరవై ఏళ్లుగా పక్క టేబుల్ మనిషి, తనకంటే ఏడాది పెద్ద. నోటీసు వెళ్లిన వారానికే ఆయన కళ్లజోడు నెత్తిమీద పెట్టుకుని పావుగంట వెతికాడు. ఆ తర్వాత టీలో రెండుసార్లు పంచదార వేసుకున్నాడు. ఒకసారి వకుళను చనిపోయిన తన భార్య పేరుతో పిలిచాడు. వకుళ ఇవన్నీ ఓ చిన్న పుస్తకంలో తేదీలతో సహా రాసుకుంది. మొత్తం పంతొమ్మిది. రాసుకుంటున్నప్పుడు కళ్లలో నీళ్లు తిరిగేవి. అయినా రాయడం మానలేదు.

ఇక ఆగలేక ఆ ఉదయం పదింటికి ఆయన గదిలోకి వెళ్లి తలుపు వేసింది.

"జోసెఫ్‌గారూ, మీకు దణ్ణం పెడతాను. వెళ్లి కరణాన్ని అడగండి. ఇవాళ దాటితే నేనేం చెయ్యలేను."

జోసెఫ్ తెల్లబోయి చూశాడు. "నేనా?"

"నేను అన్నీ చూస్తూనే ఉన్నాను."

ఆయన సొరుగు లాగి ఓ పుస్తకం తీసి బల్లమీద పెట్టాడు. వకుళ తెరిచి చూస్తే అందులో అన్నీ తన గురించే. ఫలానా రోజు మీటింగులో జోసెఫ్ పేరు తట్టక 'ఆయన' అంది. ఫలానా శుక్రవారం ట్రామ్ దిగడం మరిచి డిపో దాకా పోయింది. ఒకే ఈమెయిలు రెండుసార్లు పంపింది. మొత్తం ఇరవై మూడు.

"ఇదే మాట మిమ్మల్ని అడుగుదామని నెల రోజుల నుంచి చూస్తున్నానండీ" అన్నాడు జోసెఫ్. "నాకు ధైర్యం చాల్లేదు."

వకుళకు ముందు ఒళ్లు మండింది. ఇరవై మూడా! ఆ ట్రాము రోజున ఆమెకు జ్వరం. తర్వాత నవ్వొచ్చింది. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది: అందరూ ఇలాగే పక్కవాళ్లవే రాసుకుంటున్నారా?

ఇద్దరూ తమ పుస్తకాలు చేతబట్టుకుని కరణం గదికి వెళ్లారు. "నోటీసు తర్వాత దాతల్లో ఎంతమంది నీ దగ్గరికి వచ్చారు?" అని అడిగింది వకుళ. "పేర్లు అక్కర్లేదు."

"పన్నెండు మంది దాతల్లో పదకొండు మంది వచ్చారు, డాక్టర్" అంది కరణం. దాని గొంతులో ఎప్పుడూ ఎత్తూ పల్లం ఉండవు. "కొందరు ఒకసారి, కొందరు పలుమార్లు. ప్రతివారూ ఇతర దాతల గురించే ప్రశ్నించారు. తమ నమూనా గురించి ఎవరూ ప్రశ్నించలేదు. నిబంధన ప్రకారం ఎవరికీ జవాబు చెప్పలేదు."

జోసెఫ్ నేలవైపు చూశాడు. వకుళ గోడవైపు చూసింది. ఆ పదకొండు మందిలో తామిద్దరూ ఉన్నారని ఇద్దరికీ తెలుసు.

నోటీసు రాసింది తను. మీది మీరు అడగండి అని అందరికీ చెప్పింది తను. ఈ యాభై రోజుల్లో ఆ 'దాతలు' అనే మాటలో తనూ ఉన్నానని ఒక్కసారీ అనుకోలేదు. అనుకోలేదా, అనుకోవడానికి భయపడిందా? వెలగని పొయ్యి ముందు నిలబడ్డ మాలిని గుర్తొచ్చింది.

"పదిహేడు నాదా?" అంది. ఆ రెండక్షరాల 'నాదా' బయటికి రావడానికి యాభై రోజులు పట్టింది.

"కాదు, డాక్టర్."

వకుళ అక్కడే కుర్చీలో కూలబడింది. గుండెల మీంచి బరువు దిగినట్టయింది. ఆ వెంటనే, నాది కాకపోతే ఇంకెవరిదో అయి తీరాలన్న సంగతి గుర్తొచ్చి సిగ్గేసింది. జోసెఫ్ గొంతు సవరించుకుని తనూ అడిగాడు. ఆయనదీ కాదు. ఆయన శిలువ గుర్తు వేసుకుని రెండు పుస్తకాలూ తీసుకుని చెత్తబుట్టలో పడేశాడు.

పదకొండింటికి టీ గదిలో అందర్నీ కూర్చోబెట్టారు. వకుళ ఏదీ దాచుకోలేదు. తన పుస్తకం సంగతి, జోసెఫ్ పుస్తకం సంగతి, కరణం చెప్పిన సంగతి చెప్పింది. "మనందరం పక్కవాళ్ల మతిమరుపు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాం. ఇప్పుడు ఎవరిది వాళ్లు అడగండి. ఇక్కడే, గట్టిగా. ఎవరిదైనా సరే, సాయంత్రంలోగా మందు వేసే పూచీ నాది."

ముందుగా ఒకామె లేచి, కళ్లు గట్టిగా మూసుకుని అడిగింది. "కాదు" అంది గోడలోంచి కరణం. ఆవిడ భోరున ఏడ్చింది. తర్వాతివాడు అడిగాడు. కాదు. ఇంకొకరు. కాదు. ఒక్కో 'కాదు'కీ గదిలో ఓ నవ్వు, మిగిలినవాళ్ల మొహాల్లో ఇంకాస్త రంగు తగ్గడం. ఆఖరిగా మిగిలిన ఆయన లేవలేక కుర్చీ చేతులు పట్టుకునే అడిగాడు.

"కాదు" అంది కరణం.

గది హోరెత్తింది. ఒకళ్లనొకళ్లు కావిలించుకున్నారు. ఎవరో భార్యకు ఫోన్ చేశారు. ఆ హడావిడి సద్దుమణగడానికి రెండు నిమిషాలు పట్టింది. అప్పుడు ఎవరో మెల్లగా అన్నారు, "మరి ఎవరిది?"

మళ్లీ చూపులు మొదలయ్యాయి. కరణం చెడిపోయిందన్నారొకరు. ఎవరో అబద్ధమాడుతున్నారన్నారు ఇంకొకరు. ఎవరూ ఒంటరిగా అడగలేదు కదా, అబద్ధమెలా ఆడతారని మూడోవారు కసిరారు. జోసెఫ్ మాత్రం వేలు చూపిస్తూ మనుషుల్ని లెక్కపెడుతున్నాడు. ఓసారి లెక్కపెట్టి, మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాడు.

"మనం పదకొండుమందిమే ఉన్నాం" అన్నాడు. "పన్నెండోవాళ్లెవరు?"

గదిలో ఒక్కరికీ గుర్తు రాలేదు. మతిమరుపు మీద పరిశోధన చేసే పదకొండు మందికి గుర్తు రాలేదు.

అప్పుడు వకుళకు జనవరి ఒకటో తేదీ కళ్లముందు మెదిలింది. పదకొండు నమూనాలయ్యాయి. ఒకటి తక్కువైంది. వరండాలో బకెట్టు పట్టుకుని పోతున్న మనిషిని తనే పిలిచింది. ఓ నిమిషం ఇలా రా, చెయ్యి చాపు, చీమ కుట్టినట్టు ఉంటుందంతే. కాగితం మీద ఇక్కడ సంతకం పెట్టు. ఆ మనిషి తడిచెయ్యి చీరకు తుడుచుకుని సంతకం పెట్టి, బకెట్టు తీసుకుని వెళ్లిపోయింది.

తలుపు తోసుకుని పైడితల్లి టీ కప్పుల ట్రేతో లోపలికొచ్చింది. అందరూ తనవైపే చూస్తుంటే గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏటమ్మా? నానేటి సేసినాను?"

వకుళ ఆమె దగ్గరికి వెళ్లి, పదిహేడో మొలక సంగతి, దాని జబ్బు సంగతి, మందు సంగతి చిన్న మాటల్లో చెప్పింది. పైడితల్లి శ్రద్ధగా వింది. అలవాటు ప్రకారం మధ్యలో తలూపింది.

"అయితే ఆ పదిహేడు నాదేటి?" అంది చివరికి.

"అవును, పైడితల్లిగారూ. మీదే" అంది కరణం.

ఆ కొండమీద ఆమెను ఎవరైనా గారూ అని పిలవడం అదే మొదలు. కప్పులు కొంచెం చప్పుడు చేశాయి. ఆమె ట్రే వదల్లేదు.

"ఆ అలమరల మీద బొమ్మలు..." అంది వకుళ. "ఎప్పటినుంచి?"

"మూడు వారాలైంది. సీసాలు ఏ అరవో తెల్లారేసరికి పోతన్నాయమ్మా, బుర్రలోంచి. ఎవులైనా అడిగితే సెప్పలేకపోతే పరువు తక్కువ గదా. పొద్దున్నే వొచ్చి బొమ్మలు సూసుకుంతన్నాను. మీతో సెప్దామనుకున్నాను. మీరంతా ఏదో గాబరాలో ఉన్నారు, ఎందుకులే అని ఊరుకున్నాను."

మూడు వారాలు. అంటే ఊడ్పు కణాలు అప్పుడే లేచాయి. పెట్టె లెక్కలో నెల అటూ ఇటూ అన్నది ముందువైపే తిరిగింది. నోటీసు పంపిన రోజున ఈ మనిషి ఒక్క మాట అడిగి ఉంటే చేతిలో దాదాపు నెల రోజులుండేవి.

వకుళ గోడవైపు తిరిగి అరిచింది. "ఈమెకు నోటీసు ఎందుకు పంపలేదు?"

"నోటీసు పంపవలసినవారి జాబితా మీరే ఇచ్చారు, డాక్టర్" అంది కరణం. "అందులో పదకొండు పేర్లున్నాయి."

జోసెఫ్ కుర్చీలో ముందుకి వంగి మొహం చేతుల్లో పెట్టుకున్నాడు. ఇందాక ఫోన్ చేసినాయన మళ్లీ మోగుతున్న ఫోన్ కట్టేశాడు. పైడితల్లి ట్రే బల్లమీద పెట్టి, వకుళ ఏడుస్తుండటం చూసి తనే ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

"మందు ఇంక పని సెయ్యదా అమ్మా?"

వకుళ తల అడ్డంగా ఊపింది.

కిటికీలోంచి సముద్రం కనిపిస్తోంది. పైడితల్లి అటు చూసి మళ్లీ ఇటు తిరిగింది.

"ఆ పదిహేడుకి ఒంట్లో బాగోనేదని మీరంతా అనుకుంతంటే ఇన్నాను. పాపం అనిపించి రోజూ మేత రెండు సుక్కలు ఎక్కువేసేదాన్ని. తప్పయితే సెమించండి. ఈ పూట ఇంకా ఎయ్యనేదు." ఆమె వకుళ మొహంలోకి చూసింది. "ఎయ్యమంటారా, మానెయ్యమంటారా?"

"నేను వేస్తాను" అంది వకుళ. "నువ్వు..." అని ఆగింది. "మీరు కూర్చోండి."

మొలకల గదిలోకి ఒక్కతే వెళ్లింది. ఇరవై ఏళ్లలో ఏనాడూ తన చేత్తో ఆ మేత తీసి ఎరగదు. అది ఏ అరలో ఉంటుందో ఆమెకు తెలియదు. తలుపుల మీద సుద్దబొమ్మలు ఒక్కొక్కటీ చూసుకుంటూ వెతకడం మొదలుపెట్టింది.